చేత్తో పేర్చిన బీ-రోల్: గడియారాల మాస్టారి ఇంటర్వ్యూ, ఒక ఎడిటింగ్ కేస్ స్టడీ

నా చేతికి వచ్చేటప్పటికే ఈ వీడియో ఒకసారి పూర్తయింది. తొమ్మిది నిమిషాల చిన్న డాక్యుమెంటరీ. కీ ఇచ్చే పాత చేతి గడియారాలను బాగుచేసే ఒక పెద్దాయన తన పని గురించి చెబుతుంటారు. ఆయన్ని అందరూ మాస్టారు అంటారు, నేనూ అలాగే రాస్తాను. దర్శకుడు ఇంటర్వ్యూను కుదించి, మాటలను బట్టి తనంతట తానే అదనపు దృశ్యాలు వేసే ఒక సాఫ్ట్‌వేర్‌కి అప్పగించారు. అది కొద్ది నిమిషాల్లోనే 41 క్లిప్పులు తెచ్చి టైమ్‌లైన్ (ఎడిటింగ్‌లో బొమ్మలు, మాటలు వరుసగా పేర్చే పట్టీ) మీద పరిచింది. పైపైన చూస్తే బాగానే ఉంది. మాస్టారికి చూపించారు. రెండో నిమిషం దాటకుండానే ఆయన వీడియో ఆపించి, "ఇది బ్యాటరీ గడియారం కదయ్యా, నేను చెబుతున్నది దీని గురించి కాదే!" అన్నారు.

ఆ తర్వాత నన్ను పిలిచారు. ఆ 41 క్లిప్పులూ తీసేసి, మొత్తం బీ-రోల్‌ను, అంటే మాట వినిపిస్తుండగా ముఖానికి బదులు చూపించే అదనపు దృశ్యాలను, చేత్తో మళ్లీ పేర్చడానికి నాకు ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజుల్లో ఏది ఎందుకు చేశానో, ఎక్కడ పొరపడ్డానో ఇక్కడ రాస్తున్నాను.

ముందు మాస్టారు పట్టుకున్న తప్పు సంగతి. ఆ చోట ఆయన అంటున్న మాట ఇది: "దీంట్లో సెకను ముల్లు ఆగి ఆగి నడవదు, పాకినట్టు పోతుంది." ఆ మాట మీద సాఫ్ట్‌వేర్ వేసిన స్టాక్ క్లిప్పులో (ఎవరైనా వాడుకునేలా ముందే తీసి ఉంచిన దృశ్యంలో) సెకను ముల్లు సెకనుకొకసారి గెంతుతోంది. ఆయన బల్ల మీద ఉన్న గడియారం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు 5 సార్లు. అన్ని చిన్న అడుగులు వేసే ముల్లు మన కంటికి పాకుతున్నట్టే కనిపిస్తుంది. బ్యాటరీ గడియారంలోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. లోపలి సర్క్యూట్ ఆ కంపనాలను భాగించుకుంటూ పోయి, చివరికి సెకనుకు ఒక్క తోపుడు ఇస్తుంది. అందుకే ఆ ముల్లు గెంతుతుంది. మాస్టారి మాట ఒకటి చెబుతుంటే తెర మీది బొమ్మ సరిగ్గా దానికి ఎదురు చెబుతోంది. ఇలాంటి చోట చూసేవాళ్లు చెవిని కాదు, కంటినే నమ్ముతారు. గడియారాలు తెలియనివారు ఆయన మాటనే తప్పుగా అర్థం చేసుకుంటారు.

మిగతా క్లిప్పులూ చూశాను. అటూ ఇటూ ఊగుతూ గడియారం నడకను నిలిపే బ్యాలెన్స్ చక్రాన్ని ఆయన చూపిస్తూ "ఇదే దీని గుండె" అన్నచోట ఆసుపత్రి తెర మీద గుండె చప్పుడు గీత పరుగెడుతోంది. "ఇందులో పదిహేడు రాళ్లున్నాయి" అన్నచోట నది ఒడ్డున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. చక్రాల ఇరుసులు అరిగిపోకుండా వాటి కింద బిగించే కెంపు బేరింగులను గడియారాల పనివాళ్లు రాళ్లు అంటారు. ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కి ఎవరు చెబుతారు? "కాలం" అన్న ప్రతిచోటా సూర్యాస్తమయమే. దానికి దొరికింది నామవాచకం. దాన్ని పట్టుకుని బొమ్మ వెతికింది. మాస్టారు మాత్రం వస్తువుల గురించి కాక, వాటితో తన చేతులు చేసే పని గురించి మాట్లాడుతున్నారు.

చేతికి వచ్చిన సరుకు

ఇంటర్వ్యూ 71 నిమిషాలు. ఒకే కెమెరా, 4కె, సెకనుకు 25 ఫ్రేములు. పని చేస్తుండగా రెండు రోజులపాటు విడిగా తీసినవి 214 క్లిప్పులు, మొత్తం 3 గంటల 10 నిమిషాలు. ఇంత సొంత ఫుటేజీ ఉండగా స్టాక్ ఎందుకు వెతికారు అంటే, ఆ 214 క్లిప్పులనూ అప్పటిదాకా ఎవరూ మొదటి నుంచి చివరిదాకా చూడలేదు. కెమెరా పెట్టిన నంబర్లతోనే ఫోల్డర్‌లో పడి ఉన్నాయి. కెమెరామన్‌కి గుర్తున్నవి కెమెరామన్‌కే గుర్తున్నాయి.

మొదటి ఒకటిన్నర రోజు నేను ఒక్క కట్ కూడా వేయలేదు. కూర్చుని అన్నీ చూశాను. ప్రతి క్లిప్పుకీ పేరు మార్చాను. నంబరు తీసేసి "ఫోర్కు పైకి తీయడం, కుడి చెయ్యి, శబ్దం బాగుంది" అనో, "కీ ఇవ్వడం, నీడ పడింది, చివరి 4 సెకన్లు పనికొస్తాయి" అనో రాసుకున్నాను. వేగంగా తిప్పి చూస్తే సరిపోదా అని నన్ను చాలామంది అడుగుతారు. సరిపోదు. చేతి పని తీసిన ఫుటేజీలో మంచి క్షణం తరచుగా షాట్ చివర్లో, పని అయిపోయిందనుకుని కెమెరా కదిలే ముందు, రెండు సెకన్లు ఉంటుంది. మాస్టారు ఒక స్క్రూ బిగించాక ట్వీజర్స్ బల్ల మీద పెట్టి, చూపుడు వేలు బొటనవేలు ఒకదానికొకటి రుద్దుకుంటారు. ఆ అలవాటు నాలుగు క్లిప్పుల్లో దొరికింది. నాలుగూ షాట్ తోకలోనే ఉన్నాయి.

తర్వాత ఇంటర్వ్యూ. దర్శకుడు కుదించిన కట్ మంచిదే కాబట్టి దాని మాటల వరుసను మార్చలేదు. 9 నిమిషాల 20 సెకన్లలో 63 కోతలు. తెర ఆపేసి కేవలం చెవితో రెండుసార్లు విన్నాను. మాట ఒక్కటే వింటే కథ అర్థం కావాలి. కాకపోతే ఎన్ని బొమ్మలు పేర్చినా నిలబడదు. ఒకచోట మాత్రం వాక్యం మధ్యలో ఊపిరి తెగిపోయింది. దాన్ని సరిచేసి బొమ్మల పనికి వచ్చాను.

బీ-రోల్ అన్న పేరు వెనక ఒక సంగతి ఉంది. 16 ఎంఎం ఫిల్మ్ రోజుల్లో నెగెటివ్ అతుకులు తెర మీద కనబడకుండా ఉండటానికి, షాట్లను ఒకటి విడిచి ఒకటి ఏ, బీ అని రెండు రోల్స్‌గా పేర్చేవారు. ఖాళీల్లో నల్ల ఫిల్మ్ నింపి, రెండింటినీ ఒకే ప్రింటు మీదికి తెచ్చేవారు. అంటే ఈ మాటకు అతుకు దాచడంతో పుట్టుక నుంచే సంబంధం ఉంది. ఇప్పటికీ చాలామంది ఎడిటర్లు దాన్ని అందుకే వాడతారు: కోత కనిపించిందా, పైన ఏదో ఒకటి కప్పు. నా అభిప్రాయంలో అది దాని పనుల్లో అతి చిన్నది.

ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు

టైమ్‌లైన్ మీద మూడు రంగుల మార్కర్లు పెట్టుకున్నాను. కోత కంటికి గుచ్చుకునే చోట ఎరుపు. వినేవారికి "అదెలా ఉంటుంది, ఏదీ చూపించండి" అనిపించే చోట ఆకుపచ్చ. మాస్టారి ముఖాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కప్పకూడని చోట నీలం. నీలం ముందు పెట్టాను. ఈ వరుస నాకు ముఖ్యం. ముందు ఎరుపు పెట్టుకుంటే కప్పడం మీదే మనసు పడుతుంది, ఇక ముఖానికి చోటు మిగలదు.

నీలం మార్కర్లు పదకొండు వచ్చాయి. అన్నిటికన్నా పొడవైనది 41 సెకన్లు. చిన్న వయసులో ఒకసారి హెయిర్ స్ప్రింగు చేతిలో పాడైపోయిన సంగతి ఆయన అందులో చెబుతారు. వెంట్రుకలా సన్నగా చుట్టుకుని ఉండే ఆ స్ప్రింగు ఒకసారి మెలి తిరిగితే మామూలు చేతికి మళ్లీ దారిలోకి రాదు. అది చెప్పి ఆయన నాలుగు సెకన్లు ఏమీ అనకుండా తన వేళ్లవైపు చూసుకుంటారు. దర్శకుడు వేయించిన కట్‌లో ఆ నాలుగు సెకన్ల మీద కూడా సూర్యాస్తమయం ఉంది.

ఎరుపు మార్కర్లన్నిటికీ బీ-రోల్ అక్కర్లేదు. ఇంటర్వ్యూ 4కెలో ఉంది, అంటే 3840 అడ్డం, 2160 నిలువు. మా టైమ్‌లైన్ 1920, 1080. కాబట్టి బొమ్మను రెట్టింపు దాకా పెంచినా నాణ్యత పోదు. కోతకు ఇటు మామూలు సైజు, అటు పెంచిన సైజు పెడితే చాలాచోట్ల రెండో కెమెరాకు మారినట్టే ఉంటుంది. అయితే పది శాతం పెంచితే అది పొరపాటులా కనిపిస్తుంది. పెంచితే కనీసం 30 శాతం పెంచాలి, కళ్లు ఫ్రేములో దాదాపు అదే ఎత్తులో ఉండేలా సర్దాలి. ఇలా 25 కోతలు సర్దుకున్నాయి. మిగిలిన 38లో కొన్నిటిని అలాగే వదిలేశాను. మాట వేడిగా సాగుతున్నప్పుడు చిన్న జంప్ కట్‌ను, అంటే కోత దగ్గర బొమ్మ ఒక్కసారి గెంతడాన్ని, ఎవరూ పట్టించుకోరు.

ఆకుపచ్చ మార్కర్ల దగ్గరే నా అసలు పని. ఇక్కడ నాకొక పద్ధతి ఉంది. వినేవారికి తెలిసిన వస్తువు పేరు వస్తే దాన్ని చూపించను. గడియారం అన్న మాట వినపడగానే గడియారం చూపించడం వారి ఊహను తక్కువ చేయడమే. తెలియని వస్తువైతే పేరు వినపడటానికి 8 నుంచి 12 ఫ్రేముల ముందే బొమ్మ తెస్తాను. కన్ను దాన్ని చూసి "ఇదేమిటి" అనుకునేలోపు చెవికి జవాబు అందుతుంది. సరిగ్గా మాట మీదే బొమ్మ పడితే పాఠ్యపుస్తకంలో బొమ్మ కింద రాసిన పేరులా బిగుసుకుపోతుంది. ఆలస్యంగా పడితే ఎడిటర్ వెనకబడ్డట్టు ఉంటుంది.

పద్నాలుగు సెకన్లు

మొత్తం వీడియోలో నేను ఎక్కువసేపు కూర్చున్నది ఈ మాటల దగ్గర: "కీ ఇచ్చిన స్ప్రింగును ఊరికే వదిలేస్తే ఒక్క ఊపులో విప్పుకుపోతుందమ్మా. దాని పరుగును ఆపి, వదిలి, ఆపి, వదిలి నడిపేది ఈ చిన్న ఫోర్కు. నువ్వు వినే టిక్ టిక్ అదే." పద్నాలుగు సెకన్ల మాట.

స్ప్రింగు అన్న మాటకు స్ప్రింగు చూపిద్దామంటే అది డబ్బా లోపల ఉంటుంది, కనిపించదు. విడిగా తీసిన స్ప్రింగు షాట్ ఒకటి ఉంది కానీ, అందులో అది బల్ల మీద చచ్చిన పాములా పడి ఉంది. ఆయన చెప్పేదేమో లోపల బిగుసుకుని ఉన్న బలం గురించి. అందుకని కీ ఇస్తున్న వేళ్ల క్లోజప్ వేశాను. మొదటి తిప్పులు తేలిగ్గా పడతాయి. చివరిదానికి బొటనవేలి గోరు తెల్లబడుతుంది. "ఒక్క ఊపులో విప్పుకుపోతుంది" అన్న మాట ఆ గోరు మీద పడింది. స్ప్రింగు కనిపించలేదు, దాని బలం కనిపించింది.

రెండో వాక్యానికి ఫోర్కు షాట్. "పరుగును" అన్న మాట దగ్గరే దాన్ని తెచ్చాను. ఆయన "ఆపి, వదిలి" అంటున్నప్పుడు తెర మీద ఫోర్కు సరిగ్గా అదే చేస్తుంటుంది. పేరు చివర్లో వస్తుంది. ఇందుకోసం చూసిన షాట్లలో ఒకటి సెకనుకు 100 ఫ్రేములతో తీసిన స్లోమోషన్. చాలా అందంగా ఉంది. దాన్ని 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో నాలుగోవంతు వేగంతో నడిపితే సెకనుకు 5 దెబ్బలు కాస్తా 1.25 అవుతాయి. కింద నిజమైన టిక్ టిక్ వినిపిస్తుంటే పైన ఫోర్కు బద్ధకంగా ఊగుతుంది. మూడు సార్లు వేసి చూసి, మనసు రాకపోయినా తీసేశాను. మామూలు వేగంతో తీసిన షాట్ అంత అందమైనది కాదు, కానీ అది నిజం చెబుతోంది.

"నువ్వు వినే టిక్ టిక్ అదే" తర్వాత మాస్టారు వెంటనే వేరే సంగతిలోకి వెళ్లిపోయారు. వినమని చెప్పి వినే వ్యవధి ఇవ్వకపోవడం బాగోలేదు. అందుకే అక్కడ 2 సెకన్లు చేర్చాలనుకున్నాను. మాట ఉండదు, సంగీతం ఉండదు, గడియారం చప్పుడు ఒక్కటే. 25 ఫ్రేములకు 5 దెబ్బలంటే దెబ్బకు 5 ఫ్రేములు. కాబట్టి ఆ చోట కోతలన్నీ 5 ఫ్రేముల గుణిజాల్లో పెట్టాను. లేకపోతే ఒక షాట్ నుంచి మరో షాట్‌కి వెళ్లేటప్పుడు చప్పుడు తడబడి, గడియారం ఒక అడుగు తప్పినట్టు వినిపిస్తుంది. ఆడియో తరంగాన్ని బాగా పెద్దది చేసి చూసినప్పుడు దెబ్బలు కచ్చితంగా 5 ఫ్రేముల దగ్గర పడటం లేదని గమనించాను. ఒక ఎడం కొంచెం పొట్టి, తర్వాతిది కొంచెం పొడుగు, తేడా సుమారు పావు ఫ్రేము. మైకు దగ్గరదనం వల్ల అలా కనిపిస్తోందనుకుని ముందుకు వెళ్లాను. దీని గురించి మళ్లీ చెబుతాను.

ఈ రెండు సెకన్లు చేర్చేటప్పుడే నేనొక గంటకు పైగా నష్టపోయాను. బీ-రోల్ సాధారణంగా ఓవర్‌రైట్‌తో పై ట్రాక్ మీద వేస్తాం. ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫుల్‌స్టాప్ మీట, రిజాల్వ్ అనే మరోదాంట్లో ఎఫ్10. కింద ఉన్న మాట కదలదు. కానీ ఖాళీ సృష్టించాలంటే ఇన్సర్ట్ కావాలి. ప్రీమియర్‌లో కామా మీట, రిజాల్వ్‌లో ఎఫ్9. ఇన్సర్ట్ చేస్తే ఆ తర్వాతదంతా కుడివైపు జరుగుతుంది. నేను అప్పటికే పేర్చిన బీ-రోల్ ట్రాక్ పొరపాటున చెదిరిపోతుందేమోనని దానికి తాళం వేసి ఉంచాను. ఇన్సర్ట్ కొట్టగానే మాటలు, ముఖం 50 ఫ్రేములు జరిగాయి. తాళం వేసిన బీ-రోల్ కదల్లేదు. అక్కడి నుంచి చివరిదాకా ప్రతి బొమ్మా తన మాట కంటే 2 సెకన్ల ముందు పడింది. దారుణమేమిటంటే వెంటనే తెలియలేదు, ఎందుకంటే కొన్నిచోట్ల ముందుగా పడిన బొమ్మ కూడా బాగానే అనిపించింది. గంట తర్వాత, "రాళ్లు" అన్న మాట దగ్గర ఎర్రటి కెంపు బేరింగు ఎప్పుడో వచ్చి వెళ్లిపోవడం చూసి ఉలిక్కిపడ్డాను. అప్పటి నుంచి ఇన్సర్ట్ కొట్టే ముందు అన్ని ట్రాకుల తాళాలూ తీసి, సింక్ లాక్ (ట్రాకులన్నీ కలిసి జరిగేలా చేసే అమరిక) అన్నిటికీ ఉందో లేదో చూస్తున్నాను. కొట్టాక టైమ్‌లైన్ చిట్టచివరికి వెళ్లి ఒక మాట, ఒక బొమ్మ కలుస్తున్నాయో లేదో చూసి గానీ తర్వాతి పనికి పోవడం లేదు.

ముఖం ముందా, బొమ్మ ముందా

హెయిర్ స్ప్రింగు పాడైన కథ చివర, ఆ నాలుగు సెకన్ల మౌనం పక్కన ఒకే ఒక్క బీ-రోల్ షాట్ పెట్టాలని ఉంది. మెలి తిరిగిన ఒక పాత స్ప్రింగును మాస్టారు చిన్న గాజు మూత కింద ఇప్పటికీ దాచుకున్నారు, దాని షాట్ ఉంది. మొదట దాన్ని మౌనానికి ముందు పెట్టాను. స్ప్రింగు, తర్వాత ముఖం. అప్పుడు ఆయన ఆ స్ప్రింగునే చూస్తూ బాధపడుతున్నట్టు వచ్చింది. తర్వాత తిప్పి పెట్టాను. ముఖం, మౌనం, తర్వాత స్ప్రింగు. ఇప్పుడు ఆయన ఏదో గుర్తు చేసుకుంటున్నారు, అదేమిటో మనకు తర్వాత తెలుస్తుంది. ముఖంలో ఒక్క ఫ్రేము కూడా మారలేదు.

సుమారు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగం ఎడిటింగ్ నేర్చుకున్నవారందరికీ తెలిసిందే. నటుడు మొజుఖిన్ ముఖం షాట్ ఒక్కటే. దాన్ని వేరువేరు బొమ్మల పక్కన పెడితే చూసేవాళ్లు ఆ ముఖంలో వేరువేరు భావాలు చదువుకున్నారు. తెలిసిన సంగతే అయినా, నిజమైన మనిషి ముఖం మీద ఆ పని చేస్తున్నప్పుడు నాకు చెయ్యి వణుకుతుంది. అక్కడ ఉన్నది నటుడు. ఇక్కడ ఉన్నది తన జీవితం గురించి చెబుతున్న పెద్దాయన. ఆయన అనని భావాన్ని నేను ఆయన ముఖానికి అంటించకూడదు. ఏ వరుస నిజమో తేల్చుకోవడానికి అసలు ఇంటర్వ్యూలో ఆ భాగం మొత్తం మళ్లీ చూశాను. ఆ మౌనం తర్వాత కోతలో పోయిన ఒక వాక్యం ఉంది: "అది ఇంకా నా దగ్గరే ఉంది." అంటే రెండో వరుసే ఆయన ఆలోచన వరుస. అలాగే ఉంచాను.

మాస్టారు పట్టుకున్న రెండో తప్పు

ఐదో రోజు నా రఫ్ కట్ (ఇంకా తుది మెరుగులు దిద్దని కూర్పు) మాస్టారికి చూపించాను. ఈసారి ఆయన ఆరో నిమిషం దాకా ఏమీ అనలేదు. గడియారం విప్పే భాగంలో చెయ్యి ఎత్తారు.

"స్ప్రింగు దించకుండా ఫోర్కు తీసేశానేమిటమ్మా?"

నేను వేసిన వరుస: ఫోర్కు తీయడం, చక్రాలు తీయడం, మధ్యలో స్ప్రింగు బలం దించే షాట్. చేతుల కదలిక ఒక షాట్ నుంచి మరో షాట్‌కి చక్కగా కలుస్తోందని అలా పేర్చాను. నిజానికి విప్పేటప్పుడు ముందు స్ప్రింగులో ఉన్న బలాన్ని మెల్లగా దించాలి. బలం ఉండగా ఫోర్కు తీస్తే ఆపేది ఏదీ ఉండదు, చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగిపోతాయి, సన్నని ఇరుసులకు ప్రమాదం. తర్వాత బ్యాలెన్స్ చక్రం, ఆ తర్వాత ఫోర్కు, ఆపైన మిగతా చక్రాలు. ఈ పని తెలిసినవారు నా వరుస చూస్తే మాస్టారికి పని రాదనుకుంటారు. నా సౌకర్యం కోసం ఆయన పనితనాన్ని తక్కువ చేసి చూపించాను. సాఫ్ట్‌వేర్ చేసిన తప్పుకూ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు.

ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, ఆ భాగంలోని క్లిప్పులన్నిటికీ ఏది ముందు ఏది తర్వాత అని నంబర్లు వేయించుకున్నాను. అలా కూర్చున్నప్పుడు ఇంకొకటి తెలిసింది. రెండు వరుస షాట్లలో డయల్ కనిపిస్తోంది. మొదటిదాంట్లో మూడున్నర, రెండోదాంట్లో పదకొండు. చేతిలో ఉన్నది గడియారం కాబట్టి సమయం దాక్కోదు. రెండోదాన్ని మార్చాను. స్టాక్ క్లిప్పుల్లో ఈ బాధ కూడా ఉండదు, ఎందుకంటే ప్రకటనల కోసం తీసిన గడియారాలు ఎక్కువగా పది గంటల పది నిమిషాల దగ్గర ఆగి ఉంటాయి. పేరు చుట్టూ రెండు ముళ్లూ అందంగా విచ్చుకుంటాయని అలా పెడతారు. నడవని గడియారంలో తప్పు దొరకదు.

నంబర్లు వేశాక మూడు దశలకు షాట్లే లేవని తేలింది. మళ్లీ తీయమని అడిగాను. కెమెరామన్‌కి నేను పంపిన కాగితంలో ఉన్నవి ఇవి. ప్రతి షాట్ కనీసం 10 సెకన్లు కదలకుండా. పని మొదలయ్యే ముందు 3 సెకన్లు, అయ్యాక 3 సెకన్లు అదనంగా. ఇంటర్వ్యూలో దీపం ఎడమ నుంచి పడింది, ఇక్కడా ఎడమ నుంచే. సెకనుకు 25 ఫ్రేములే, షట్టర్ సెకనులో 50వ వంతు. శబ్దం తప్పకుండా. చివరగా ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దం 30 సెకన్లు. సగం రోజులో తీసి పంపారు. స్టాక్ నుంచి తెచ్చిన 30 ఫ్రేముల క్లిప్పును 25 టైమ్‌లైన్‌లో వేస్తే సెకనుకు 5 ఫ్రేములు రాలిపోయి కదలిక తడబడుతుంది. లేదా 25కు మార్చి నడిపితే వేగం 83 శాతానికి పడిపోతుంది. చేతి పనిలో ఆ తేడా తెలిసిపోతుంది. సగం రోజు షూటింగ్ ఈ తలనొప్పి కంటే చౌక.

రంగుల గురించి చెప్పుకోవలసింది తక్కువ. ఇంటర్వ్యూ పసుపు దీపాల వెలుగులో సుమారు 3200 కెల్విన్ దగ్గర ఉంది. మొదటి రోజు క్లిప్పులు కిటికీ వెలుగులో నీలంగా ఉన్నాయి. మాస్టారి చేతి చర్మం రెండుచోట్లా ఒకటిగా కనిపించేదాకా సర్దాను. ఇత్తడి చక్రాల మెరుపు కాస్త తగ్గింది, పర్వాలేదనుకున్నాను. శబ్దంలో మాత్రం ప్రతి బీ-రోల్ కింద దాని సొంత చప్పుడు సన్నగా ఉంచాను, ట్వీజర్స్ గాజుకు తగిలిన శబ్దంతో సహా. మూగ బీ-రోల్ ఎంత బాగున్నా అంటించిన కాగితంలా ఉంటుంది.

చివరి కట్‌లో 58 బీ-రోల్ షాట్లున్నాయి. 9 నిమిషాల 22 సెకన్లలో సుమారు 4 నిమిషాల 50 సెకన్లు అవి కనిపిస్తాయి. స్టాక్ క్లిప్ ఒక్కటీ లేదు. 41 సెకన్ల ముఖం మీద ఏదైనా వేయమని దర్శకుడు చివరిదాకా అడిగారు, చూసేవాళ్లు వెళ్లిపోతారని ఆయన భయం. ఒక్కసారి వేసి ఇద్దరం పక్కపక్కనే చూశాం. ఆయనే తీసేయమన్నారు.

ఎనిమిదో రోజు పొద్దున మాస్టారు మళ్లీ చూశారు. విప్పే భాగం దాటింది, ఏమీ అనలేదు. ఆ రెండు సెకన్ల చప్పుడు దగ్గర మాత్రం తల పక్కకు వంచి, "ఇంకోసారి పెట్టు" అన్నారు. పెట్టాను. కళ్లు మూసుకుని విన్నారు.

"ఇది నేను సర్దక ముందు చప్పుడమ్మా. టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం సమంగా లేదు, కుంటుతోంది. బొమ్మలో ఉన్నది మాత్రం సర్దిన తర్వాతది."

పావు ఫ్రేము తేడాను తరంగంలో చూసి నేను మైకు మీదికి నెట్టేసింది ఇదే. బ్యాలెన్స్ చక్రం తన నడిమి స్థానంలో లేకపోతే రెండు దెబ్బల మధ్య వ్యవధులు సమానంగా ఉండవట. ఆయన చెవికి అది కుంటు నడకలా వినిపిస్తుంది. నోట్‌బుక్ తీసి చూస్తే ఆ చప్పుడు మొదటి రోజు క్లిప్పుది, బొమ్మ రెండో రోజుది. రెండో రోజు రికార్డు చేసిన చప్పుడు వెతికి, తరంగాన్ని పెద్దది చేసి చూశాను. దెబ్బలు ఐదేసి ఫ్రేములకు ఒకటి, గీత గీసినట్టు వరుసగా ఉన్నాయి. ఆ 50 ఫ్రేముల కింద దాన్ని పెట్టి, తాళాలన్నీ ఒకసారి చూసుకుని, మాస్టారికి మళ్లీ వినిపించాను. ఆయన తల ఊపారు. ఫైలు ఆ మధ్యాహ్నమే పంపించాను.